చదివి వినిపించగా

కథలు రాసేవాడు కనిపిస్తే చాలు, జనం అడిగేది ఒకటే ప్రశ్న. ఇవన్నీ మీకు ఎక్కడినుంచి వస్తాయండీ అని. నులక మంచం అల్లేవాణ్ణి ఎవరూ అలా అడగరు. వంకాయ కూర బాగా కుదిరిందని ఇల్లాలిని పట్టుకుని, ఈ ఆలోచన నీకు ఏ క్షణాన తట్టిందమ్మా అని ఎవరూ ప్రాణం తియ్యరు. కథకుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ రహస్యం కావాలి. ఎక్కడో ఊట ఉందనీ, వీడు గుట్టుగా తోడుకుంటున్నాడనీ, ఆ జాగా చెప్తే తామూ ఒక బిందె తెచ్చుకోవచ్చనీ వాళ్ళ నమ్మకం.

డెబ్బై అయిదులో తిరువూరులో ఆ ప్రశ్నకి నా దగ్గర రకరకాల జవాబులుండేవి. హైస్కూలు తెలుగు మేష్టారు బ్రహ్మయ్య గారు అడిగితే "అంతరంగపు లోతుల్లోంచి" అనేవాణ్ణి. ఆయనకి లోతులంటే ఇష్టం. బస్టాండు పక్క కాఫీ హోటల్లో అడిగినవాళ్ళకి "జీవితంలోంచి" అని చెప్పేవాణ్ణి, కాఫీ చల్లారకముందే అయిపోయే జవాబు అది. మా అన్నలిద్దరికీ మెయిన్ రోడ్డులో పచారీ కొట్టుంది. వాళ్ళు ఎక్కడినుంచి అని అడిగేవారు కాదు, ఎందుకు అని అడిగేవారు.

నా పేరు కోదండరామయ్య. వృత్తి దస్తావేజులు రాయడం. రిజిస్ట్రారు కచేరీకి ఎదురుగా రేకుల పంచలో ఒక బల్ల, ఒక బెంచీ, ఒక సిరాబుడ్డి, వేలిముద్రలకి నల్లసిరా మెత్త. ఇరవై రెండేళ్ళు అక్కడ కూర్చుని చుట్టుపక్కల ఊళ్ళ పొలాల్ని ఒకళ్ళ పేరు మీదినుంచి ఇంకొకళ్ళ పేరు మీదికి మార్చాను. ఆ బల్ల ఇప్పుడు లేదు, ఆ సంగతి తరవాత చెప్తాను. దస్తావేజుకీ కథకీ తేడా ఏంటని కూడా కొందరు అడిగేవారు. దస్తావేజులో అబద్ధాలు పార్టీలు చెప్తారు, కథలో మనమే చెప్పుకోవాలి. అంతకుమించి తేడా నాకు కనిపించలేదు.

ఆ ఏడు ఒక వారపత్రిక ఉగాదికి కథల పోటీ పెట్టింది. ఒక ఆదివారం పొద్దున స్నానం చేస్తున్నాను. మొదటి చెంబు నీళ్ళు నెత్తిన పడ్డాయో లేదో, కథ మొత్తం తలలోకి దిగింది. ఒక అన్న, ఒక చెల్లెలు. చెల్లెలికి పసుపు కుంకుమల కింద తండ్రి రాసిచ్చిన మామిడి తోట. అన్న మాయమాటలు చెప్పి చెల్లెలి వేలిముద్ర వేయించి తోట తన పేర పెట్టుకుంటాడు. కొన్నేళ్ళకి పశ్చాత్తాపంతో కుమిలిపోయి, కాపుకొచ్చిన చెట్టు కింద పడి వెక్కి వెక్కి ఏడుస్తాడు. చెల్లెలు వచ్చి పమిట చెంగుతో అన్న కన్నీళ్ళు తుడిచి క్షమించేస్తుంది. నేను రెండో చెంబు పోసుకోవడం మరిచిపోయి తడిబట్టలతో బయటికొచ్చి, సరస్వతి కటాక్షించిందే అన్నాను. మా ఆవిడ శ్యామలాదేవి నన్నూ, నా వెనక తడిసిన గచ్చునూ చూసింది.

"కటాక్షిస్తే కటాక్షించింది, ముందు తల తుడుచుకోండి" అంది.

మూడు రోజుల్లో కథ పూర్తయింది. "తోబుట్టువు" అని పేరు పెట్టాను. నా దస్తూరీ కోర్టువాళ్ళకి తప్ప ఎవరికీ అర్థం కాదు కాబట్టి సాపు రాసేది శ్యామలాదేవే. రాస్తూ రాస్తూ మొదటి పేజీలోనే ఆగిపోయింది.

"కథలో ఈ హద్దులెందుకండీ?"

నేను రాసిన వాక్యం ఇది: "తూర్పున కట్టలేరు ఒడ్డు, దక్షిణాన శౌరయ్య మెట్ట, పడమర బండ్ల డొంక, ఉత్తరాన పాడుపడ్డ సున్నపుబట్టీ, ఈ నడుమ రెండెకరాల ఇరవై రెండు సెంట్ల మామిడి తోట." ఏ రచయితయినా తోట అనగానే కోయిలని రాస్తాడు. నేను సెంట్లు రాశాను. అలవాటు అలాంటిది. ఊరి పేరు రామాపురమని పెట్టాను, మనుషుల పేర్లు పెట్టాను, ముక్కులూ మొహాలూ కల్పించాను. హద్దుల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి నన్ను అడక్కుండానే రాసుకుపోయింది. దస్తావేజులో మిగతావి ఎలా ఉన్నా హద్దులు తప్పితే కాగితం చెల్లదు. ఇరవై రెండేళ్ళలో నా చేతికి తెలిసిన పాపభీతి అదొక్కటే.

"హద్దుల్లేకుండా భూమి ఎట్లా నిలబడుతుంది?" అన్నాను.

"కథలో భూమి నిలబడక్కర్లేదు. కథ నిలబడితే చాలు" అంది శ్యామలాదేవి.

ఆడవాళ్ళకి శిల్పం తెలియదని సరిపెట్టుకున్నాను. అసలు బహుమతులు మూడూ మద్రాసు వాళ్ళకీ బెజవాడ వాళ్ళకీ పోగా, నాకు ప్రోత్సాహక బహుమతి వచ్చింది. సంపాదకుడు ఉత్తరం రాస్తూ, తోట హద్దులు చెప్పడంలో మీరు చూపిన వాస్తవికత న్యాయనిర్ణేతలను ముగ్ధుల్ని చేసింది అన్నాడు. ఆ ఉత్తరాన్ని శ్యామలాదేవి చూసేలా రెండు రోజులు గూట్లో పెట్టాను. ఆవిడ దాని మీద దీపపు బుడ్డి పెట్టింది.

కథ అచ్చయ్యాక పాఠకుల ఉత్తరాలు కూడా వేశారు. చెల్లెలి క్షమ చదివి వెక్కి వెక్కి ఏడ్చామని ముగ్గురు రాశారు. ముగ్గురూ అన్నలే అని ఇప్పుడు నా అనుమానం.

ఇక ఊరు ఊరుకుంటుందా. బ్రహ్మయ్య గారు గ్రంథాలయంలో సన్మాన సభ పెట్టించారు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి. ప్రసంగ విషయం: కథావస్తువు ఎక్కడ పుడుతుంది. అధ్యక్షుడు వినగడప పెద్దరైతు హనుమయ్య గారు. ఆయనకి సాహిత్యంతో ఉన్న సంబంధం ఏంటంటే, గ్రంథాలయానికి గోడగడియారం కొనిచ్చాడు. అది మధ్యాహ్నం పన్నెండు దాటాక నడవదు, ఆయన మాత్రం అప్పట్నించీ అన్ని సభలకీ అధ్యక్షుడే. నేను బల్ల దగ్గర కూర్చుని పార్టీలని అవతలికి పంపించి మరీ ప్రసంగం రాసుకోవడం మొదలుపెట్టాను.

సభకి మూడు రోజుల ముందు, గురువారం నాడు, ఆ హనుమయ్య గారే నా బల్ల దగ్గరికి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

"ఏమయ్యా కోదండరామయ్యా, ఆదివారం నీకు శాలువా నన్నే కప్పమంటున్నాడు మేష్టారు."

"మీ చేతుల మీదుగా అంటే నా అదృష్టమండి."

"నీ కథ నేను చదవలేదనుకో. మనకి తీరికేది. మామిడి తోట మీద రాశావంటగా. మంచి పని చేశావు. వరి మీద ఎంత రాసినా లాభం లేదయ్యా."

ఆ విధంగా సాహిత్య చర్చ ముగించి, చొక్కా జేబులోంచి మడతలు పడ్డ పాత స్టాంపు కాగితాలు తీసి బల్ల మీద పెట్టారు.

"వినగడప తోట అమ్మేస్తున్నా. విస్సన్నపేట ఆసామి కొంటున్నాడు. సోమవారం రిజిస్ట్రేషను. ఆదివారం అతన్ని కూడా సభకి తీసుకొస్తాలే, నువ్వు పరిచయమవుతావు. ఇదీ పాత కాగితం, నువ్వు రాసిందే. హద్దులు చూసి అట్టాగే దించెయ్."

"అట్లాగేనండి" అని ఆ కాగితాలు విప్పకుండానే సొరుగులో పడేశాను. అప్పటికి నేను ప్రసంగంలో ఏడో పేజీలో, అంతరంగపు లోతుల్లో మునిగి ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే ఒకావిడ వచ్చింది. యాభై పైబడి ఉంటాయి, నేత చీర, చేతిలో గొట్టంలా చుట్టిన వారపత్రిక. రెడ్డిగూడెం నుంచి రెండు బస్సులు మారి వచ్చానంది. అభిమాని అనుకున్నాను. రచయితకి ఆ జబ్బు ఒకటి ఉంటుంది, పత్రిక చేతిలో ఉన్న మనిషల్లా అభిమానిలాగే కనిపిస్తుంది. గబగబా బెంచీ మీది కాగితాలు తీసి చోటు చేశాను.

"నాకు చదవడం రాదండి" అంది కూర్చుంటూనే. "మా వీధిలో సీతారావమ్మ చదివి వినిపిస్తది. మధ్యాహ్నాలప్పుడు ఆవకాయ ముక్కలు కొట్టుకుంటా అందరం వింటాం. నిన్నగాక మొన్న మీ కథా, కింద మీ పేరూ ఊరూ చదివింది."

"నచ్చిందామ్మా?"

"నచ్చడం గురించి కాదండి. ఆ తోట ఎవరిది?"

"ఎవరిదీ కాదమ్మా. అది కల్పన."

"అంటే?"

"అంటే లేనిది. ఊహించి రాసింది."

"లేనిదానికి హద్దులెందుకండీ?"

మా ఆవిడ అడిగిన ప్రశ్నే. శిల్పం తెలియనివాళ్ళు ఊరికొకళ్ళు ఉన్నట్టున్నారు అనుకుని నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు. పత్రిక ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చిన్నపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది.

"తూర్పు కట్టలేరు ఒడ్డు. దక్షిణం శౌరయ్య మెట్ట. పడమర బండ్ల డొంక. ఉత్తరం సున్నపుబట్టీ. రెండెకరాల ఇరవై రెండు సెంట్లు." కళ్ళు తెరిచింది. "నా పెళ్ళయిన మూడో రోజున మా నాయన నా చెయ్యి పట్టుకుని ఈ నాలుగు హద్దులూ నడిపించాడండి. నడిచినంతసేపూ నాచేత చెప్పించాడు. నీకు చదువు లేదు, కాగితం మీద ఏముందో నీకు తెలవదు, కాళ్ళకి తెలిసింది ఎవడూ మార్చలేడు అన్నాడు. సీతారావమ్మ చదువుతుంటే నా చేతిలో కత్తి ఆగిపోయింది. మిగతా కథ కూడా నాదే. నా పేరు పిచ్చమ్మ. మా అన్న పేరు హనుమయ్య."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి సొరుగు మీదికి పోయింది. ముందురోజు పడేసిన కాగితాలు తీసి విప్పాను. నా దస్తూరీయే. పందొమ్మిది వందల అరవై ఎనిమిది, మే నెల. కింద ఎడమచేతి బొటనవేలి ముద్ర, దాని పక్కన నా చేత్తోనే "పిచ్చమ్మ వేలిముద్ర" అని.

అప్పుడు గుర్తొచ్చింది. ఏడేళ్ళ కిందట ఇదే పంచలో, ఇదే బెంచీ మీద ఈ మనిషి కూర్చుంది. ఎండ మండిపోతోంది. భర్త పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. "తోటలో బావికి కరెంటు మోటారు పెట్టిస్తున్నా, తోట నీ పేర ఉందిగా, కనెక్షనుకి నీ వేలిముద్ర కావాలంటున్నారు" అని హనుమయ్య గారు చెల్లెలికి చెప్తుంటే నా చెవులతో విన్నాను. వింటూనే స్టాంపు కాగితానికి మార్జిను గీసుకున్నాను. రాయడం అయ్యాక ఈవిడ నన్ను అడిగింది, "ఇందులో ఏం రాశారండీ" అని.

"మీ అన్నగారు చెప్పిందే రాశానమ్మా" అన్నాను.

అబద్ధం కాదు. అంత నిఖార్సయిన నిజం నేను తరవాత ఏ కథలోనూ రాయలేదు. లోపల కచేరీలో అందరినీ అడిగినట్టే ఇష్టపూర్వకంగా రాయించావా అమ్మా అని అడిగారు. మోటారు ఇష్టమే కాబట్టి అవునండి అంది. అక్కడినుంచి వచ్చి హనుమయ్య గారు నాకు కాఫీ ఇప్పించారు. కాఫీతో పాటే ఆ సంగతి కడుపులోకి పోయింది. ఏడేళ్ళు అక్కడే ఉండి, ఒక ఆదివారం పొద్దున చెంబెడు నీళ్ళకి పైకొస్తే, నేను దాన్ని సరస్వతి అనుకుని తడిబట్టలతో పరుగెత్తుకొచ్చానన్నమాట. అంతరంగపు లోతులంటే అవే.

"ఇందులో ఏముందండీ?" అని పిచ్చమ్మ మళ్ళీ అడిగింది. ఏడేళ్ళ నాటి గొంతుతోనే.

"తోట మీ అన్నకి ఇచ్చేసినట్టు ఉందమ్మా."

"మోటారు సంగతి?"

"లేదు."

ఆవిడ కాగితం మీది వేలిముద్ర పక్కన తన బొటనవేలు ఆనించి చూసుకుంది. నాకు తేలు కుట్టిన దొంగ గతే పట్టింది, గట్టిగా ఊపిరి తీసుకోవడానికి కూడా మొహమాటం వేసింది.

"ఏటా రెండు బుట్టలు పంపేవాడండి" అంది చివరికి. "నా తోట కాయలని ఊళ్ళో అందరికీ పంచేదాన్ని. ఈ ఏడు పంపలేదు. అమ్ముతున్నాడని బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నా. అమ్మకుండా ఆపొచ్చా?"

"కోర్టుకెళ్ళాలి. ఆ రోజు మీకు కాగితం చదివి వినిపించలేదని ఎవరైనా సాక్ష్యం చెప్పాలి."

"ఎవరు చెప్పాలి?"

"అక్కడున్నవాళ్ళు."

"అక్కడున్నది నేనూ, మా అన్నా" అని ఆగి నా వంక చూసింది. తరవాత ఒళ్ళో ఉన్న పత్రిక విప్పి నా కథ ఉన్న పేజీ బల్ల మీద పెట్టింది. బొమ్మని బట్టి గుర్తు పెట్టుకున్నట్టుంది. "సీతారావమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నానండి. ఇందులో మా అన్న ఉన్నాడు. నేనున్నా. మెత్త పట్టుకున్న బంట్రోతు కూడా ఉన్నాడు. కాగితం రాసినాయన ఏడండీ?"

"కథకి ఆ పాత్ర అవసరం లేదనిపించింది" అన్నాను. నా నోటివెంట నిజంగా ఆ మాటే వచ్చింది.

"మా అన్న ఏడ్చాడని రాశారు. మావాడు ఏడవలేదండి. నేను కన్నీళ్ళు తుడిచానని రాశారు. అప్పుడు నన్నడక్కుండా నాచేత తోట ఇప్పించారు. ఇప్పుడు మన్నింపు కూడా ఇప్పించారు." లేచి నిలబడింది. "ఎల్లుండి మీటింగులో కథ ఎక్కడినుంచి వచ్చిందో చెప్తారంటగా. వస్తాను."

పత్రిక బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

ఇంటికి పోయి శ్యామలాదేవికి అంతా చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ తల ఎత్తకుండా వింది.

"నేను ఆ కథ రెండుసార్లు సాపు రాశాను. రెండుసార్లూ అనుకున్నా, కాగితాలు రాసే మనిషై ఉండి కాగితం రాసేవాణ్ణే మరిచిపోయాడేంటా అని."

"మరి చెప్పలేదే?"

"మీకు శిల్పం తెలుసుగా" అంది.

ఆ రెండు రోజులూ నేను పడ్డ అవస్థ ఏ పత్రికకీ పంపగలిగింది కాదు. నాకు భయం వేసింది. సిగ్గు కూడా వేసింది, అయితే భయమే ముందు వేసింది. రాసినవాడే వచ్చి నేను చదవలేదు అంటే ఇక ఆ బల్ల దగ్గరికి ఏ పార్టీ రాదు. నలభై ఆరేళ్ళ వయసులో అన్నల కొట్లో చింతపండు పొట్లాలు కట్టుకోవాలి. చెప్పకపోతే సోమవారం ఇంకో కాగితం రాయాలి, అవే నాలుగు హద్దులు దించాలి, ఆవిడ తోట విస్సన్నపేట పోతుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు కథలోంచి నన్ను నేను తీసేసుకుంటే ఎవరూ చూడరనుకున్నాను. చదవడం రాని మనిషి చూసింది.

ఆదివారం గ్రంథాలయం నిండింది. సాహిత్యాభిమానంతో అనుకునేరు, హనుమయ్య గారు అందరికీ రసాల మామిడిపళ్ళు పంచుతున్నారని ముందే తెలిసింది. ఆ బుట్టలు గుమ్మం పక్కనే ఉన్నాయి. అవి ఏ తోటవో అడిగే ధైర్యం నాకు లేదు. వేదిక మీద ఆయన, బ్రహ్మయ్య గారు, నేను. ముందు వరసలో గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని విస్సన్నపేట ఆసామి. గుమ్మం దగ్గర బెంచీ చివర పిచ్చమ్మ. చెల్లెల్ని చూసి హనుమయ్య గారు "ఏమే, నువ్వూ వచ్చావా" అని నవ్వారు. ఆవిడ తల ఊపింది. కాయలు పంచేటప్పుడు చెల్లెలికి రెండు ఎక్కువ ఇవ్వమని కూడా ఆయన పురమాయించారు.

బ్రహ్మయ్య గారు నన్ను అరగంట పొగిడారు. తిరువూరు నేల కన్న బిడ్డ అన్నారు, కల్పనాశక్తిలో గంగోత్రి అన్నారు. చివరికి నావైపు తిరిగి ప్రశ్న వేశారు.

"కోదండరామయ్య గారూ, ఇంత గొప్ప కథావస్తువు మీకు ఎక్కడినుంచి వచ్చిందో మా అందరికీ సెలవివ్వాలి."

లేచాను. చేతిలో పదకొండు పేజీల ప్రసంగం, దాని కింద మడతపెట్టిన స్టాంపు కాగితం. మొదటి పేజీలో మొదటి వాక్యం "సృజన ఒక అలౌకిక జ్యోతి" అని ఉంది. అది చదవడానికే నోరు తెరిచాను. గుమ్మం దగ్గర పిచ్చమ్మ కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది, హద్దులు చెప్పిన రోజున కూర్చున్నట్టే. వినడానికి ఆవిడ పద్ధతి అదేమో. జ్యోతిని బల్ల మీద పెట్టేశాను.

"నాకు ఎక్కడినుంచీ రాలేదండి" అన్నాను. "నా దగ్గరే ఉంది. ఏడేళ్ళ కిందట ఒక అన్న తన చెల్లెల్ని నా బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు. మోటారుకి వేలిముద్ర కావాలని ఆవిడకి చెప్పాడు. తోట రాయమని నాకు చెప్పాడు. రెండూ నేను విన్నాను. ఇందులో ఏం రాశారని ఆవిడ అడిగితే, మీ అన్నగారు చెప్పిందే అన్నాను. చదివి వినిపించలేదు."

చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు. బ్రహ్మయ్య గారు హనుమయ్య గారి చెవిలో "చూశారా, నేను అనే పాత్రని ప్రవేశపెట్టారు, కొత్త ప్రయోగం" అనడం నాకు వినిపించింది. హనుమయ్య గారు చప్పట్లు కొట్టలేదు, అలాగని నవ్వూ మానలేదు. నేను స్టాంపు కాగితం విప్పాక మానేశారు.

"ఏడేళ్ళు ఆలస్యమైంది. ఇప్పుడు చదువుతాను" అని మొదలుపెట్టాను. "వినగడప కాపురస్తుడు హనుమయ్యకు ఆయన చెల్లెలు రెడ్డిగూడెం కాపురస్తురాలు పిచ్చమ్మ వ్రాయించి యిచ్చిన సెటిల్మెంటు దస్తావేజు. నా తండ్రిగారు నాకు పసుపు కుంకుమల క్రింద యిచ్చినదీ, నా స్వాధీనానుభవములో ఉన్నదీ అయిన ఈ దిగువ హద్దుల మామిడి తోటను, నీయందు నాకు గల ప్రేమాభిమానములచేత నీకు దఖలు పరచినాను."

"ఏయ్ కోదండరామయ్యా" అని హనుమయ్య గారు లేచారు. "ఆ కాగితం ఇటియ్యి. అది చదవడానికి ఇచ్చానా నీకు?"

"లేదండి. చదవడానికి ఎప్పుడూ ఇవ్వలేదు" అన్నాను. చదవడం ఆపలేదు. అక్షరాలు నావే కాబట్టి తడుముకునే పని లేకపోయింది. "తూర్పు కట్టలేరు ఒడ్డు. దక్షిణం శౌరయ్య మెట్ట. పడమర బండ్ల డొంక. ఉత్తరం సున్నపుబట్టీ. ఈ మధ్య గల రెండెకరాల ఇరవై రెండు సెంట్లు. యికమీదట సదరు తోటతో నాకుగాని నా వారసులకుగాని యెట్టి సంబంధమూ లేదు."

హద్దులు వినగానే ముందు వరసలో గొడుగు లేచింది. విస్సన్నపేట ఆసామి ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు. అయిదున్నర బస్సు దొరికే ఉంటుంది.

నా బల్ల సంగతి చెప్తానన్నాను కదా. వారం తిరక్కుండా ఎత్తేశారు. ఇప్పుడు అన్నల కొట్లో పొట్లాలు కడుతున్నాను, పాత వారపత్రికల కాగితాలైతే గట్టిగా ఉంటాయి. ఎందుకు అని వాళ్ళు ఇప్పుడు అడగడం లేదు. తోట కోర్టులో ఉంది, అమ్మకుండా ఆర్డరు వచ్చింది, మొదటి సాక్షిని నేనే. కథలు ఎక్కడినుంచి వస్తాయని కొట్టుకొచ్చినవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. చింతపండు ఎంత కావాలి, వీశా అరవీశా అని అడుగుతాను.

ఇవన్నీ తరవాతి మాటలు. ఆ సాయంత్రం గ్రంథాలయంలో కాగితం చివరికొచ్చాను. ప్రతి దస్తావేజుకీ చివర ఒకటే వాక్యం ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో కొన్ని వేల సార్లు రాశాను, రాసేటప్పుడు చెయ్యి ఇంకేదో ఆలోచిస్తూ ఉండేది. మొదటిసారి పైకి చదివాను.

"చదివి వినిపించగా విని, సమ్మతించి వేసిన వేలిముద్ర."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గుమ్మం దగ్గర బెంచీ కదిలిన చప్పుడైంది. పిచ్చమ్మ కళ్ళు తెరిచి, నింపాదిగా లేచి నిలబడింది. అన్న వంక చూడలేదు, నా వంకే చూసింది.

"విన్నానండి" అంది. "సమ్మతి లేదు."